చిన్న కవర్ల యూనిట్లకు ఒక కిలోవాట్ కరోనా ట్రీటర్: కర్నూలు షెడ్డులో ఎంతవరకు పనికొస్తుంది?

నూనె పౌచ్‌లు, విత్తనాల ప్యాకెట్లు, పచ్చళ్ల కవర్లు, బియ్యం సంచుల లామినేషన్ ఫిల్మ్. కల్లూరు ఎస్టేటు నుంచి ఆదోని, అనంతపురం దాకా వీటిని ప్రింట్ చేసే చిన్న యూనిట్లన్నిటికీ ఉన్న తలనొప్పి ఒకటే, ఇంకు ఫిల్మ్ మీద నిలవదు. గోటితో గీకితే పొట్టులా లేస్తుంది. టేపు అంటించి లాగితే కవరు మీది కస్టమరు పేరు టేపు మీదికి వచ్చేస్తుంది. దీనికి మందు అంటూ ఇప్పుడు అమ్ముతున్నది 600 మిల్లీమీటర్ల వెడల్పున్న, ఒక కిలోవాట్ కరోనా ట్రీటరు, అంటే ఇంకు పట్టేలా ఫిల్మ్ ముఖాన్ని కరెంటు డిశ్చార్జితో సిద్ధం చేసే యంత్రం. ప్రింటింగ్ మెషీన్‌లో రోలు విప్పే చోటుకీ మొదటి కలరుకీ మధ్య దీన్ని బిగిస్తారు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ సైజులో దొరికే మెషీన్లు చాలావరకు ఒకే డిజైనువి, స్టిక్కరే తేడా: అల్యూమినియం ఎలక్ట్రోడు, సిలికాన్ స్లీవు తొడిగిన రోలరు, ఒక హై ఫ్రీక్వెన్సీ జనరేటరు, ఒక బ్లోయరు.

ముందే చెప్పేస్తే మేలు. ఎక్స్‌ట్రూడరు (ఫిల్మ్ తయారుచేసే మెషీన్) దగ్గర ఒకసారి ట్రీట్ అయి, నిలవుండి ట్రీట్‌మెంట్ కాస్త దిగిపోయిన ఫిల్మ్ వాడేవాళ్లకి ఇది మంచి మెషీన్. తక్కువ రేటుకి దొరికాయని ఎప్పటివో తెలియని రోళ్లు, అందులోనూ స్లిప్ (ఫిల్మ్ జారడానికి కలిపే మైనం లాంటి మందు) ఎక్కువున్నవి, తెచ్చుకునేవాళ్లకి మాత్రం దండగ. వాళ్లు ముందు కొనాల్సింది ఫిల్మ్‌కి ఇంకు పట్టే గుణం ఎంతుందో చూపే డైన్ ఇంకుల సెట్టు. దాని ఖర్చు వేలల్లో తేలుతుంది, మెషీన్‌ది లక్షల్లో.

పాలిథీన్‌లో కార్బన్, హైడ్రోజన్ తప్ప వేరే ఏమీ ఉండవు. ఇంకు పట్టుకోవడానికి దాని ముఖాన కొక్కెం లాంటిది ఒక్కటీ లేదు. అందుకే దాని ఉపరితల శక్తి (ద్రవాన్ని తన మీద పరుచుకోనిచ్చే గుణం, సెంటీమీటరుకి ఇన్ని డైన్లని కొలుస్తారు) 31 డైన్ల దగ్గర, పాలిప్రొపిలీన్‌ది 29–30 దగ్గర ఆగిపోతుంది. సాల్వెంట్ ఇంకులకి 36–38, నీళ్ల ఇంకులకి 40–44 కావాలి. కరోనా అన్నా ప్లాస్మానే, కాకపోతే వాక్యూమ్ లేకుండా మామూలు గాలిలో పుట్టించేది. ఎలక్ట్రోడుకీ రోలరుకీ మధ్య ఉన్న సన్నటి గాలి సందులో పది వేల వోల్టుల పైచిలుకు, సెకనుకు ఇరవై ముప్పై వేల సార్లు దిక్కు మారుతూ పడుతుంది. గాలి విరిగి ఆక్సిజన్ ముక్కలు ఫిల్మ్ పైపొరలోని కార్బన్ గొలుసులకు అతుక్కుంటాయి, హైడ్రాక్సిల్, కార్బొనైల్, కార్బాక్సిల్ గుంపులు ఏర్పడతాయి. ఇదంతా పైనున్న కొద్ది నానోమీటర్లలోనే జరుగుతుంది. 40 మైక్రాన్ల ఫిల్మ్ అంటే 40,000 నానోమీటర్లు. అందువల్ల ఫిల్మ్ బలం, మందం, రంగు ఏవీ మారవు. చేత్తో తడిమితే తేడా తెలియదు, తడమనూ కూడదు. వేలి జిడ్డు అంటితే ఆ చోట ట్రీట్‌మెంట్ పోయినట్టే. ఈ పద్ధతి 1951లో డెన్మార్క్‌లో వెర్నర్ ఐస్బీ కనిపెట్టింది, మూల సూత్రం నేటికీ అదే.

కొనేముందు వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది. వాట్లను ఎలక్ట్రోడు వెడల్పు మీటర్లతో, నిమిషానికి నడిచే మీటర్లతో భాగిస్తే చదరపు మీటరుకి ఎంత డోసు పడిందో వస్తుంది. 1,000 వాట్లు, 0.6 మీటర్లు, నిమిషానికి 50 మీటర్లు అయితే చదరపు మీటరుకి 33 వాట్-నిమిషాలు. అదే మెషీన్ 100 మీటర్ల స్పీడుతో నడిస్తే 17. తాజా ఎల్‌డీపీఈకి (మెత్తటి రకం పాలిథీన్) 10–15 చాలు, కాబట్టి 100 మీటర్ల దగ్గర కూడా ఈ మెషీన్ నెట్టుకొస్తుంది. పాలిప్రొపిలీన్ అంతకంటే ఎక్కువ అడుగుతుంది, 20–30 పెట్టుకోవాలి. ఆ ఫిల్మ్‌ని 100 మీటర్లతో తోలాలనుకుంటే ఈ కిలోవాట్ చాలదు. జనరేటరు మీటరు చూపే వాట్లన్నీ ఫిల్మ్ దాకా చేరవు, కొంత వేడిగా పోతుంది. పది పదిహేను శాతం తగ్గించి లెక్క వేసుకోవడం మంచిది. అమ్మేవాళ్లు ‘స్పీడెంతైనా పరవాలేదు’ అంటే వాళ్ల ముందే ఈ భాగహారం చేసి చూపించండి.

ఈ మోడల్‌లో పెద్ద లోపం కూడా ఈ లెక్కలోనే దొరుకుతుంది. పవర్ తిప్పే నాబు చేతిది, మెషీన్ స్పీడుతో దానికి సంబంధం లేదు. రిజిస్టర్ కలిపేటప్పుడు, అంటే రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా సర్దేటప్పుడు, మెషీన్ 20 మీటర్లతో పాకుతుంటుంది. నాబు అక్కడే ఉంటే అప్పుడు డోసు 83. మోతాదు మించితే మరీ మంచిది అనుకుంటారు చాలామంది. కాదు. గొలుసులు ముక్కలై, ఆక్సిజన్ పట్టిన చిన్న చిన్న తునకలు పైన బూజులా పేరుకుంటాయి. డైన్ పెన్ను (డైన్ ఇంకు నింపిన పెన్ను) పెడితే 50 చూపించి మురిపిస్తుంది. ఇంకు ఆ బూజుకి అంటుకుంటుంది, బూజు మాత్రం ఫిల్మ్‌కి గట్టిగా అంటుకుని ఉండదు. తడిగుడ్డతో తుడిస్తే ఆ తునకలు కరిగిపోయి డైన్ పడిపోతుంది, అతిగా కాల్చారని పట్టుకోవడానికి ఇదే సులువైన పరీక్ష. అతిగా కాలిన రోలు మడతలు ఒకదానికొకటి అంటుకుంటాయి కూడా. నూనె పౌచ్‌లో అయితే సీలు కారుతుంది. ఆక్సిజన్ పట్టిన ముఖం సీలు కావడానికి ఎక్కువ వేడి అడుగుతుంది, అందుకే సీలు పడే లోపలి వైపు ట్రీట్ చేయకూడదు.

స్పీడుని బట్టి పవర్ దానంతటదే మారే కార్డు వేరేగా అమ్ముతారు. అది లేకుండా తీసుకోవద్దు. కనీసం మెషీన్ ఆగగానే డిశ్చార్జి కట్ అయ్యే జీరో స్పీడ్ స్విచ్ అయినా ఉండాలి. లేకపోతే ఆగిన చోట ఫిల్మ్‌కి చిల్లులు పడతాయి, దాంతోపాటే స్లీవుకీ.

బిగించడంలో కీలకం ఎలక్ట్రోడు సందు. 1.5 మిల్లీమీటర్లకి సెట్ చేసి, ఫీలర్ గేజీతో రెండు చివర్లా, మధ్యలోనూ చూడాలి. ఒక చివర 1, ఇంకో చివర 2 ఉంటే దగ్గరున్న వైపు ఎక్కువ కాలి, దూరమున్న వైపు పచ్చిగా మిగులుతుంది. అప్పుడు ప్రింటులో ఎప్పుడూ ఒకే అంచున ఇంకు ఊడుతుంది, నింద మాత్రం ఇంకు డబ్బా మీద పడుతుంది. రాత్రిపూట షెడ్డు లైట్లు ఆర్పి చూస్తే సందు పొడవునా ఊదారంగు వెలుగు ఒకే మందంలో పరదాలా కనిపించాలి. తెల్లటి నిప్పురవ్వలు ఒకే చోట మళ్లీ మళ్లీ కొడుతున్నాయంటే స్లీవు మీద దుమ్మో, ఇంకు చుక్కో, చిల్లో ఉన్నట్టు. ఈ స్లీవు మెత్తటి సిలికాన్, బ్లేడు తగిలితే తెగిపోతుంది. రోలు చుట్టుకుపోతే కత్తితో కోసి తీసే అలవాటున్న ఆపరేటరుకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి. చిల్లు పడ్డాక అతుకు వేస్తే నిలవదు, స్లీవు మార్చాల్సిందే.

మెటలైజ్డ్ ఫిల్మ్, అల్యూమినియం ఫాయిల్ ఉన్న లామినేట్ ప్రింట్ చేసేవాళ్లు ఈ మోడల్ జోలికి పోవద్దు. స్లీవు రోలరు మీదుంది, కరెంటు పారే ఫిల్మ్ ఎక్కితే డిశ్చార్జి షార్ట్ అవుతుంది. వాళ్లకి కావాల్సింది సిరామిక్ ఎలక్ట్రోడు, ఉత్త లోహపు రోలరు ఉన్న రకం.

ఓజోన్ గురించి బ్రోచర్లో ఒక్క వాక్యం ఉంటుంది, చాలదు. మెషీన్ ఆన్ చేయగానే వచ్చే ఘాటు వాసన అదే. ఎనిమిది గంటల షిఫ్టుకి 0.1 పీపీఎం హద్దు. ముక్కు కాసేపట్లో అలవాటు పడి వాసన పట్టడం మానేస్తుంది, అదీ ప్రమాదం. బ్లోయరు గొట్టం గోడ బయట వదిలేస్తే పక్క షెడ్డు కిటికీలోకి పోతుంది, కప్పు దాటించి పైకి లేపాలి. గొట్టానికి జీఐ రేకు పెడితే, ఓజోన్‌తో పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు వానాకాలపు తేమతో కలిసి ఆమ్లమై రేకుని తినేస్తాయి. స్టెయిన్‌లెస్ వేయించండి. రబ్బరు బెల్టులు, రబ్బరు కప్లింగులు దగ్గర్లో ఉంటే బీటలు తీస్తాయి. మెషీన్ ఆపాక కూడా బ్లోయరు ఇంకో రెండు మూడు నిమిషాలు తిరగాలి. అసలు ప్రమాదం ఇంకొకటుంది. ఇథైల్ ఎసిటేట్, టోలుయీన్, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) లాంటి మండే సాల్వెంట్ల డబ్బాలు మూతలు తీసి ఉండే చోటికి ఈ నిప్పురవ్వల యంత్రాన్ని తెస్తున్నాం. ట్రీటర్ స్టేషన్ని ఇంకు ట్రేలకు దూరంగా, రోలు విప్పే చివరన పెట్టి, దాని బ్లోయరు ఆగితే కరోనా కూడా ఆగేలా ఇంటర్‌లాక్ వేయించాలి. ఈ ఇంటర్‌లాక్ మెషీన్‌తోపాటే వస్తోంది, మంచి సంగతి. ఎర్తింగు మాత్రం మనదే.

ఇక పెన్నులు, ఇంకుల సంగతి. పని అంతా వీటి మీదే ఆధారపడి ఉంది, వీటినే నిర్లక్ష్యం చేస్తారు.

డైన్ ఇంకు అంటే ఫార్మమైడ్, సెల్లోసాల్వ్ అనే రెండు ద్రవాల మిశ్రమం, కనిపించడానికి ఇంత రంగు. 38 డైన్ల ఇంకులో ఫార్మమైడ్ 54 శాతం, 42లో 71.5 శాతం, 30లో అసలుండదు. పద్ధతి ఐఎస్ఓ 8296లో, ఏఎస్‌టీఎం డీ 2578లో ఉంది. ఫిల్మ్ మీద పల్చగా పూస్తే ఆ తడి గీత రెండు సెకన్లపాటు చెదరకుండా నిలవాలి. అంతకుముందే ముత్యాలు ముత్యాలుగా ముడుచుకుంటే ఫిల్మ్ ఆ నంబరు కంటే కింద ఉంది. నిలిస్తే పైనంబరుతో చూడాలి. పెన్నుకంటే సీసా, దూది పుల్లలు మేలు. పెన్ను ములుకు ఫిల్మ్ మీది స్లిప్పుని తుడిచి తనలోకి పీల్చుకుంటుంది, తర్వాతి రోలు మీద తప్పు చెబుతుంది. పెన్నులే వాడేట్టయితే మూడు గీతలు పక్కపక్కనే గీసి మూడోదాన్నే నమ్మాలి. పుల్ల వాడితే ప్రతిసారీ కొత్తది, సీసాలో మళ్లీ ముంచకూడదు.

ప్రమాణాలు అడిగేది 23 డిగ్రీలు, 50 శాతం తేమ. మే నెలలో మన రేకుల షెడ్డులో 40 దాటుతుంది. ఆ వేడికి సెల్లోసాల్వ్ ముందు ఆవిరై గీతలో ఫార్మమైడ్ చిక్కబడుతుంది, గీత ముడుచుకుని ఫిల్మ్ అసలుకంటే తక్కువ అని చెబుతుంది. వానాకాలంలో మూత తీసి ఉంచిన సీసా తేమ పీల్చుకుని అదే తప్పు చేస్తుంది. దీన్ని నమ్మి నాబు పెంచితే పైన చెప్పిన అతి కాలుడు మొదలవుతుంది. ముక్క కోసి ఏసీ ఉన్న ఆఫీసు గదిలో ఒక గంట ఉంచి చూడండి. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాసి, ఆరు నెలలు దాటితే పారేయండి. ఫార్మమైడ్ గర్భస్థ శిశువుకి హాని చేసేది. గర్భిణులైన ఆడవాళ్లని ఈ పనికి పెట్టకూడదు, మిగతావాళ్లు కూడా గ్లౌజులు వేసుకోవాలి, పరీక్ష చేసిన ముక్కని కవర్ల కట్టలో కలపకూడదు. ఫార్మమైడ్ లేని ఇంకులూ దొరుకుతున్నాయి. వాటి రీడింగు ఒకటి రెండు డైన్లు తేడాగా వస్తుంది, రెండు రకాలూ కలిపి పోల్చొద్దు.

రోలు వచ్చిన రోజే బయటి రెండు మూడు చుట్లు తీసేసి, ఎడమ, మధ్య, కుడి మూడు చోట్లా, రెండు ముఖాలా గీసి రాసుకోవాలి. వెనక ముఖం కూడా 36 చూపిస్తే ఎక్స్‌ట్రూడరు దగ్గర ఫిల్మ్ కింద గాలి దూరి వెనకవైపు కూడా కాలిందన్నమాట. అలాంటి రోలుకి ఇంకు ఎదురు ముఖానికి అచ్చు పడుతుంది, ఏ ట్రీటరూ దాన్ని సరిచేయలేదు. తిరిగి పంపేయడమే.

స్లిప్ విషయం చాలామందికి కొరుకుడు పడదు. ఫిల్మ్ జారాలని, మెషీన్ మీద సాఫీగా నడవాలని పాలిథీన్‌లో ఓలియమైడ్, పాలిప్రొపిలీన్‌లో ఎరుకమైడ్ కలుపుతారు. ఇవి లోపల ఉండవు, గంటల్లో, రోజుల్లో పైకి తేలి మైనంలా పరుచుకుంటాయి. వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా. ఎక్స్‌ట్రూడరు నుంచి వచ్చిన వెంటనే, స్లిప్ తేలకముందే ట్రీట్ చేస్తే కరోనా పాలిమర్ మీదే పడుతుంది. నెలల తర్వాత చేస్తే ముందు ఆ మైనాన్ని కాల్చాలి, పాలిమర్‌కి చేరేది మిగిలిందే. అందుకే మొదట్లో ఒకసారి ట్రీట్ అయి, 42 నుంచి 35కి దిగిన ఫిల్మ్‌ని ఈ మెషీన్ ఒక పాసులో 40కి లేపుతుంది. ఎన్నడూ ట్రీట్ కాని, స్లిప్ నిండా తేలిన పాత రోలుని నాబు చివరిదాకా తిప్పినా 34–35 దగ్గరే గింజుకుంటుంది. లేచినా రెండు మూడు రోజుల్లో కిందికి జారుతుంది. ట్రీట్ చేసిన రోజే ప్రింట్ చేయాలి. రోళ్లు రేకుల కింద కాకుండా గోడ నీడలో, నేలకి ఆనకుండా పెట్టుకోవాలి.

డైన్ బాగుండి టేపు పరీక్ష పోతే? చాలాసార్లు ఇంకు రెజిన్ రకం ఆ ఫిల్మ్‌కి సరిపడనిదై ఉంటుంది, లేదా సాల్వెంట్ పూర్తిగా ఆరకుండానే టేపు పెట్టి ఉంటారు. ఒక రోజు ఆగి చూడాలి. అప్పటికీ ఊడితే పై ముఖం మీద నిజంగా ఏముందో తెలుసుకోవాలి, అది పెన్ను చెప్పలేదు. ముందు చౌకైన పరీక్ష. నారింజ మూత ఉన్న యూ-100 ఇన్సులిన్ సిరంజిలో ఒక యూనిట్ అంటే 10 మైక్రోలీటర్లు. ఎర్ర మూతది యూ-40, దానిలో యూనిట్‌కి 25, కాబట్టి అది తేవద్దు. డిస్టిల్డ్ వాటర్ ఒక చిన్న చుక్క ఫిల్మ్ మీద ఉంచి, ఫోను అంచుని ఫిల్మ్ మట్టానికి దించి ఫొటో తీయాలి. ట్రీట్ కాని పాలిప్రొపిలీన్ మీద చుక్క 100 డిగ్రీల కోణంతో గోళీలా నిలబడుతుంది, సరిగా ట్రీట్ అయిన ఫిల్మ్ మీద 60–75కి చప్పబడుతుంది. కోణం కొలవడానికి ఇమేజ్‌జే అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

అంతకు మించి కావాలంటే ఎక్స్‌పీఎస్, అంటే ఎక్స్‌రేలతో పైపొరని చూసే ల్యాబ్ పరీక్ష. పై 5–10 నానోమీటర్లలో ఏ మూలకం ఎంత శాతముందో చెబుతుంది, హైడ్రోజన్‌ని మాత్రం చూడలేదు. బెంగళూరు ఐఐఎస్సీలోని నానోసైన్స్ కేంద్రం బయటి పరిశ్రమల శాంపిళ్లు కూడా ఫీజు మీద చేస్తుంది. ఎఫ్‌టీఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో చేసే పరీక్ష) చాలా చోట్ల దొరుకుతుంది కానీ అది మైక్రాన్ లోతు దాకా చూస్తుంది, కరోనా పొర దాని కంటికి ఆనదు. ఎరుకమైడ్ బాగా పేరుకుని ఉంటే మాత్రం దాని గ్రాఫులో 1,640 (సెంటీమీటరుకి తరంగాల లెక్క) చుట్టుపక్కల అమైడ్ గీత కనిపించవచ్చు. శాంపిల్‌ని జిప్ కవర్లో పెట్టి పంపొద్దు, ఆ కవరు స్లిప్ కూడా దీనికి అంటుతుంది. ఒక సెంటీమీటరు ముక్కలు అంచు పట్టుకుని కోసి, శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, ట్రీట్ అయిన ముఖమేదో ఫాయిల్ బయట రాయాలి. బాగున్నది, పోయినది, అసలు ట్రీట్ కానిది మూడూ కలిపి పంపితేనే పోల్చుకోవడానికి వీలవుతుంది.

రిపోర్టు చదవడం కష్టమేం కాదు. ట్రీట్ కాని పాలిథీన్‌లో ఆక్సిజన్ దాదాపు సున్నా, ట్రీట్ అయినదానిలో 5–15 శాతం ఉంటుంది. ఎక్స్‌పీఎస్ గ్రాఫులో అంకెలు ఎలక్ట్రాన్ వోల్టుల్లో ఉంటాయి; కార్బన్ గీత 285 దగ్గరుంటే మామూలు గొలుసు. 286.5 దగ్గర బుగ్గ హైడ్రాక్సిల్ రకానిది, 288 దగ్గరది కార్బొనైల్, 289 దాటింది కార్బాక్సిల్. 289 వైపు బాగా ఉబ్బి ఉంటే అతిగా కాల్చారేమోనని చూడాలి, అది తడిగుడ్డ పరీక్షతో కలిస్తేనే ఖాయం. 400 దగ్గర నైట్రోజన్ కనిపిస్తే స్లిప్ మీద అనుమానం పడాలి. ఎరుకమైడ్ అణువులో 22 కార్బన్లకి ఒక నైట్రోజన్, ఒక ఆక్సిజన్, అంటే పూర్తి ఎరుకమైడ్ పొర నైట్రోజన్ 4 శాతం పైచిలుకు చూపిస్తుంది. ఒక శాతం కనిపించినా స్లిప్ పైముఖం మీద గట్టిగా ఉన్నట్టే. 102 దగ్గర సిలికాన్ గీత కనిపిస్తే ఫిల్మ్‌ని తిట్టడం మాని, షెడ్డులో సిలికాన్ స్ప్రే ఎవరు కొడుతున్నారో వెతకండి. సీలింగ్ బార్‌కి కొట్టిన తుంపర గాలిలో తేలి రోలు మీద వాలుతుంది, దాన్ని ఏ కరోనా పోగొట్టలేదు.

సీసాలు, మూతలు, జాడీలు ప్రింట్ చేసేవాళ్లకి ఈ మెషీన్ పనికిరాదు, అది చదునైన ఫిల్మ్‌కే. హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథీన్) డబ్బాలకి గ్యాస్ మంట ఇప్పటికీ చౌక. నీలి మంట పైకొన తగలాలి, పసుపు మంట అయితే మసి పడుతుంది.

కొనేటప్పుడు ఆర్డరు కాయితం మీదే స్పీడ్ కార్డు, జీరో స్పీడ్ స్విచ్, అదనంగా ఒక స్లీవు రాయించుకోండి. స్లీవు వేరేగా తెప్పిస్తే వచ్చేదాకా మెషీన్ పనిలేక పడి ఉంటుంది. ట్రయల్ రన్‌కి మన షెడ్డులో ఉన్న అన్నిటికంటే పాత రోలు, అన్నిటికంటే కొత్త రోలు రెండూ పెట్టి, డైన్ ముందు, తర్వాత, మూడో రోజున రాసుకున్నాకే మిగతా డబ్బు కట్టండి. వాళ్లు తెచ్చిన ఫిల్మ్ మీద 44 రావడం వింతేమీ కాదు.